ఉద్యోగం పోయాక ఏ పని ముందు, ఏది తర్వాత: హైదరాబాద్ ఉద్యోగులకు సమగ్ర మార్గదర్శి

ఉద్యోగం పోయిన రాత్రే చాలామంది పాత రెజ్యూమె తీసి నాలుగు ముక్కలు మార్చి, నౌక్రీలో కనిపించిన ప్రతిదానికీ అప్లై చేస్తారు. వారం తిరక్కుండా అమీర్‌పేట వెళ్లి ఏదో కోర్సులో చేరతారు, ఫీజు క్రెడిట్ కార్డు మీద కడతారు. నెల దాటగానే పీఎఫ్ తీసేస్తారు. ఇంట్లో చెప్పడం మాత్రం ఇక దాచలేని రోజు దాకా వాయిదా వేస్తారు. తప్పు వీటి వరుసలోనే ఉంది. చేతిలో ఎన్ని నెలల డబ్బుందో తెలియనిదే ఏ ఆఫర్‌కి కాదనవచ్చో తెలియదు. ఏ దారిలో వెళ్లాలో తేలనిదే ఏ కోర్సు కావాలో, రెజ్యూమెలో పైన ఏం రాయాలో తేలదు. అందుకే ముందు కాగితాలు, తర్వాత డబ్బు లెక్క, ఇంట్లో మాట, మనసు, దారి. రెజ్యూమె వీటన్నిటి తర్వాతే. ఈ మొదటి భాగమంతా కలిపి రెండు మూడు వారాల పని. ఆ రెండు మూడు వారాలు వృథా అనిపిస్తుంది గానీ, తర్వాతి నెలల్ని కాపాడేవి అవే.

సంతకం పెట్టే ముందు

హెచ్చార్ గదిలోకి పిలిచి, ‘మీరే రిజైన్ చేస్తే రికార్డు శుభ్రంగా ఉంటుంది’ అంటారు. అందులో కొంత నిజముంది. కానీ రాజీనామా ఇచ్చాక కాగితం మీద మీరే మానేసినట్టు లెక్క, తర్వాత పరిహారం అడగడానికి పట్టు ఉండదు. అక్కడికక్కడే సంతకం చేయకండి. ‘వివరాలు మెయిల్‌లో పంపండి, రేపు సాయంత్రానికి చెబుతాను’ అని మర్యాదగా అనండి. గొంతు పెంచాల్సిన అవసరం లేదు.

ఆ ఒక్క రోజులో అడగాల్సినవి: నోటీసు జీతం ఎన్ని నెలలది, దాని మీద సెవరెన్స్ (తీసేసినందుకు కంపెనీ ఇచ్చే పరిహారం) ఏమైనా ఉందా, మిగిలిన సెలవులకు డబ్బు ఎంత, వేరియబుల్ పే సంగతేమిటి, జాయినింగ్ బోనస్ వెనక్కి అడుగుతారా, రిలీవింగ్ లెటర్ ఏ తేదీన ఇస్తారు, అందులో కారణం ఏమని రాస్తారు, హెల్త్ ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా ఉంటుంది. జవాబులన్నీ మెయిల్‌లోనే ఉండాలి. సెవరెన్స్ పెంచమని అడగడం తప్పేమీ కాదు. అది కుదరనప్పుడు ఇన్సూరెన్స్‌ని పాలసీ గడువు దాకా ఉంచమనో, చివరి తేదీని నెలాఖరుకి జరపమనో అడగండి. కంపెనీకి పెద్దగా ఖర్చు లేనివి సులువుగా ఒప్పుకుంటారు.

చట్టం సంగతి. కొత్త వేతనాల కోడ్ 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చింది. కంపెనీ తీసేసినా, మీరే మానేసినా, రావాల్సిన జీతం రెండు పనిదినాల్లో చెల్లించాలని అందులో ఉంది. ఫుల్ అండ్ ఫైనల్ (ఆఖరి సెటిల్‌మెంట్) పేరుతో నెలన్నర జరిపే అలవాటు ఇంకా పోలేదు కాబట్టి, ఈ నిబంధనను గుర్తు చేస్తూ ఒక మెయిల్ పెట్టండి. పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం ‘వర్కర్’ అయినవారు ఏడాది పాటు విడవకుండా పనిచేసి ఉంటే, రిట్రెంచ్‌మెంట్‌లో (తప్పేమీ లేకుండా కంపెనీ తీసేసినప్పుడు) నెల రోజుల నోటీసు లేదా దానికి బదులు జీతం, పూర్తయిన ప్రతి ఏడాదికీ 15 రోజుల సగటు వేతనం రావాలి. రీస్కిల్లింగ్ ఫండ్ కింద మరో 15 రోజుల వేతనం 45 రోజుల్లో ఖాతాలో పడాలి. మేనేజర్లు, నెలకు 18,000 రూపాయలకు మించి తీసుకునే సూపర్‌వైజర్లు ఈ నిర్వచనంలోకి రారు. అయితే విజిటింగ్ కార్డు మీద ‘మేనేజర్’ అని ఉన్నంత మాత్రాన తేలిపోదు, నిజంగా చేసే పని ఏమిటో చూస్తారు. తగాదా తేలకపోతే ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ దగ్గరున్న అంజయ్య కార్మిక సంక్షేమ భవన్‌లో కార్మిక శాఖ అధికారులను కలవండి. సంతకం పెట్టాక వెళ్లడం కన్నా పెట్టకముందు వెళ్లడం మేలు.

ఐదేళ్లు నిండితే గ్రాట్యుటీ వస్తుంది. చివరి బేసిక్, డీఏ కలిపి 15తో గుణించి, 26తో భాగించి, సర్వీసు ఏళ్లతో గుణించాలి. చివరి ఏడాదిలో ఆరు నెలలు దాటితే దాన్ని పూర్తి ఏడాదిగా తీసుకుంటారు. బేసిక్ 40,000, సర్వీసు ఏడేళ్లు అయితే 1,61,538 రూపాయలు. దీన్ని 30 రోజుల్లో ఇవ్వాలి.

ఆఖరి రోజు లోపు ల్యాప్‌టాప్‌లోంచి మీ సొంత కాగితాలన్నీ తీసుకోండి: ఆఫర్ లెటర్, హైక్ లెటర్లు, అప్రైజల్స్, కనీసం ఏడాది జీతం స్లిప్పులు, ఫారం 16లు. కోడ్, క్లయింటు జాబితాలు, కంపెనీ ఫైళ్లు మాత్రం ముట్టుకోవద్దు. అవి మీ మెయిల్‌కి వెళ్లినట్టు తేలితే సెటిల్‌మెంటే ఆగిపోవచ్చు.

ఎక్కువమందిని ఇబ్బంది పెట్టేది ఇంకోటి ఉంది, సిమ్ కార్డు. చాలా ఏళ్లుగా వాడుతున్న నంబరు కంపెనీ పేరు మీదున్న సీయూజీ నంబరైతే ఆధార్, బ్యాంకు, యూఏఎన్ (మీ పీఎఫ్ నంబరు), అన్నీ దానికే ముడిపడి ఉంటాయి. ఆఖరి రోజున ఆ సిమ్ ఇచ్చేశాక ఒక్క ఓటీపీ కూడా రాదు. ముందుగా ఆధార్ కేంద్రానికి వెళ్లి నంబరు మార్చుకోండి. ఆ తర్వాతే బ్యాంకు, యూఏఎన్. వాటికి ఆధార్ ఓటీపీ కావాలి కనుక ఈ వరుస తప్పకూడదు. జీతం ఖాతా సంగతీ చూసుకోండి. జీతం పడడం ఆగిన కొన్ని నెలలకు అది మామూలు సేవింగ్స్ ఖాతా అయిపోయి, మినిమం బ్యాలెన్స్ లేకపోతే కోతలు మొదలవుతాయి.

ఆఫీసు హెల్త్ ఇన్సూరెన్స్ సాధారణంగా ఆఖరి పనిదినంతోనే ముగుస్తుంది. అదే బీమా కంపెనీ వ్యక్తిగత పాలసీలోకి మారితే, గ్రూపులో గడిపిన కాలం వెయిటింగ్ పీరియడ్‌లో (పాత జబ్బులకు క్లెయిమ్ ఇవ్వని మొదటి కాలంలో) కలుస్తుంది. ఇంట్లో షుగరు, బీపీ ఉన్న పెద్దవాళ్లు ఉంటే ఇది చాలా పెద్ద విషయం. ఆఖరి రోజుకి ముందే బీమా కంపెనీకి రాయండి. తెల్ల రేషన్ కార్డు ఉన్నవారికి రాజీవ్ ఆరోగ్యశ్రీ కింద కుటుంబానికి ఏడాదికి 10 లక్షల దాకా వైద్యం ఉంది.

చేతిలో ఎన్ని నెలలు ఉన్నాయి

ఒక కాగితం తీసుకుని ఎడమవైపు ఈ రోజు ఖాతాలో ఉన్న డబ్బు రాయండి. రావాల్సింది కాదు, వచ్చింది మాత్రమే. పీఎఫ్‌ని, బంగారాన్ని ఇందులో కలపకండి. కుడివైపు నెల ఖర్చు రాయండి. మియాపూర్‌లో ఫ్లాట్ లోన్ కడుతున్న ఒక కుటుంబం లెక్క ఇలా ఉండొచ్చు: ఈఎంఐ 32,000, స్కూలు 12,000, సరుకులు, కూరగాయలు, పాలు 14,000, కరెంటు, గ్యాస్, నెట్, మెయింటెనెన్స్ 6,000, ఊళ్లో అమ్మానాన్నలకు 8,000, బీమా 4,000, పెట్రోలు 4,000. మొత్తం 80,000. చేతిలో నాలుగు లక్షలుంటే ఐదు నెలలు. ఖర్చును 64,000కి దించగలిగితే ఆరు నెలల పైన. ఈ అంకెను ప్రతి ఆదివారం సరిచూసుకోండి, తర్వాత చెప్పబోయే నిర్ణయాలన్నీ దీని మీదే ఆధారపడతాయి.

ఈఎంఐ బౌన్స్ అయ్యాక కాదు, కాకముందే బ్యాంకుకి వెళ్లండి. రిలీవింగ్ లెటర్ జతచేసి, గడువు పెంచి నెల కంతు తగ్గించమని రాతపూర్వకంగా అడగండి. 90 రోజులు దాటి బాకీ పడితే ఖాతా ఎన్‌పీఏ (మొండి బాకీ) అవుతుంది. ఆ తర్వాత బ్యాంకు మాట వినే తీరే మారిపోతుంది. సిబిల్ స్కోరు దెబ్బతింటే బ్యాంకింగ్, ఫైనాన్స్ కంపెనీల్లో వెరిఫికేషన్ దగ్గర అదే అడ్డం రావచ్చు. క్రెడిట్ కార్డు మీద మినిమం డ్యూ కడుతూ పోవడం అన్నిటికన్నా ప్రమాదం, ఏడాదికి 36 నుంచి 45 శాతం దాకా వడ్డీ పడుతుంది. తప్పనిసరైతే బంగారం మీద బ్యాంకు లోన్ దానికన్నా చాలా చవక. లోన్ యాప్‌ల జోలికి అస్సలు పోకండి.

చీటీలుంటే, పాడుకున్నది వేరు, పాడుకోనిది వేరు. పాడుకున్న చీటీ అప్పుతో సమానం, తప్పకుండా కట్టాలి, ష్యూరిటీ ఇచ్చినవాళ్ల మీద కూడా పడుతుంది. పాడుకోనిదైతే రిజిస్టర్డ్ కంపెనీలో ఇంకొకరి పేరుకి మార్చమని అడగవచ్చు. లేదా అవసరం రాకముందే, పోటీ తక్కువున్న నెల చూసి పాడండి. కంగారులో పాడితే పాటలో వదులుకునే మొత్తమే ఎక్కువ పోతుంది.

పీఎఫ్‌ని ఆఖరి రక్షణగా ఉంచండి. ఉద్యోగం పోయిన నెలకి 75 శాతం దాకా తీసుకునే వీలుంది. మిగతా పాతిక శాతం ఇదివరకు రెండు నెలలకే వచ్చేది. దాన్ని 12 నెలలకు పెంచాలని 2025 అక్టోబరులో ఈపీఎఫ్ఓ ధర్మకర్తల మండలి నిర్ణయించింది, కాబట్టి ఆ డబ్బు మీద ఆశ పెట్టుకుని లెక్క వేయకండి. సర్వీసు ఐదేళ్లలోపై, 50,000 దాటి తీస్తే 10 శాతం టీడీఎస్ పోతుంది. పాన్ లింకు కాకపోతే ఇంకా ఎక్కువ. పెన్షన్ భాగం విషయంలో మరింత జాగ్రత్త. పదేళ్ల సర్వీసు నిండితేనే 58వ ఏట నెలనెలా పెన్షన్ వస్తుంది. ఏడెనిమిదేళ్లు ఉన్నవారు ఆ కాస్త డబ్బు కోసం ఫారం 10సీ పెట్టి మొత్తం తీసేస్తే ఆ ఏళ్లన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. దాని బదులు, చేసిన సర్వీసును రాసిచ్చే స్కీమ్ సర్టిఫికెట్ తీసుకుంటే ఆ ఏళ్లు తర్వాతి ఉద్యోగంలో కలుస్తాయి. కంపెనీ మీ నిష్క్రమణ తేదీ వేయకపోతే, ఆఖరి చందా పడిన రెండు నెలల తర్వాత యూఏఎన్ పోర్టల్‌లో మీరే వేసుకోవచ్చు. అక్కడా చిక్కు వీడకపోతే బర్కత్‌పురా ఆఫీసుకి వెళ్లండి.

జీడిమెట్ల, బాలానగర్, పాశమైలారం వైపు ఫ్యాక్టరీల్లోనో, షోరూముల్లోనో 21,000 లోపు జీతంతో ఈఎస్‌ఐ కట్టినవారు అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన గురించి ఈఎస్‌ఐ బ్రాంచి ఆఫీసులో అడగండి. కనీసం రెండేళ్ల బీమా ఉంటే, జీవితంలో ఒకసారి, 90 రోజుల దాకా సగటు దినవేతనంలో సగం ఇచ్చే పథకం అది. తప్పు చేశారని తీసేసినవారికి, స్వచ్ఛంద విరమణ తీసుకున్నవారికి రాదు. గడువును ఎప్పటికప్పుడు పొడిగిస్తుంటారు కాబట్టి వెళ్లి కనుక్కోవడమే సరైన పద్ధతి.

ఇంట్లో చెప్పడం

మొదటి వారంలోనే చెప్పండి. రోజూ టిఫిన్ బాక్సు పట్టుకుని బయల్దేరి మాల్‌లోనో పార్కులోనో పొద్దుపుచ్చి రావడం వల్ల అలసట రెట్టింపవుతుంది, ఖర్చు తగ్గదు. భార్యకో భర్తకో చెప్పేటప్పుడు పైన వేసిన లెక్క కాగితం చేతిలో ఉండాలి. ‘ఉద్యోగం పోయింది’ అన్న మాట ఒక్కటే వింటే భయం. ‘ఇంత ఉంది, ఇన్ని నెలలు వస్తుంది, ఇవి తగ్గిద్దాం’ అంటే కలిసి ఆలోచించడానికి చోటు దొరుకుతుంది. పిల్లలకు దాచాల్సిన పనిలేదు: ‘నాన్న కంపెనీలో చాలామందిని తీసేశారు, నాన్న కొత్తది వెతుకుతున్నాడు, నువ్వు మామూలుగా స్కూలుకెళ్లు’ చాలు. స్కూలు మారదని మాత్రం లెక్క చూడకుండా మాటివ్వకండి. ఫీజు కంతులుగా కడతామని స్కూల్లో ముందుగా అడగండి.

బంధువులకు ఒక్క వాక్యం సిద్ధంగా ఉంచుకోండి, అది ఒక కోరికతో ముగియాలి: ‘మా టీమ్ మొత్తాన్ని తీసేశారు బాబాయ్. ఇన్సూరెన్స్ క్లెయిమ్స్ సాఫ్ట్‌వేర్ వైపు చూస్తున్నాను, మీకు తెలిసినవాళ్లెవరైనా ఉంటే ఒక మాట చెప్పండి.’ పెళ్లిళ్లలో ‘ఇప్పుడెక్కడ చేస్తున్నావ్?’ అన్న ప్రశ్నకు తప్పించుకు తిరిగేకన్నా ఇది తేలిక, పైగా దీనివల్ల కాల్స్ వస్తాయి.

మనసు, రోజు

1930ల మొదట్లో ఆస్ట్రియాలోని మారియెంటాల్‌లో బట్టల మిల్లు మూతపడ్డాక మరీ యహోదా, ఆమె సహచరులు ఆ ఊళ్లో పరిశోధన చేశారు. తీరిక పెరిగింది, కానీ లైబ్రరీ నుంచి పుస్తకాలు తీసుకోవడం తగ్గింది. మగవాళ్లు నడిచే వేగం కూడా తగ్గిపోయింది. ఉద్యోగంతో జీతం ఒక్కటే పోదు, రోజుకున్న ఆకారం, నలుగురితో మాట, ‘నేను ఫలానా’ అనే గుర్తింపు, అన్నీ ఒకేసారి పోతాయి. అందుకే ఉద్యోగం వెతకడానికి ముందు రోజుని తిరిగి కట్టుకోవాలి. పొద్దున పది నుంచి ఒంటిగంట వరకు వెతుకులాట, మధ్యాహ్నం రెండు గంటలు చదువు, సాయంత్రం నడక. అంతకుమించి పెట్టుకుంటే నిలవదు. ఇంట్లో కుదరకపోతే చిక్కడపల్లి నగర గ్రంథాలయం, అఫ్జల్‌గంజ్ రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం ఉన్నాయి. పోటీ పరీక్షల పిల్లలతో నిండిపోతాయి కాబట్టి పొద్దున్నే వెళ్లాలి.

ఇంటర్వ్యూలు మొదలుకాకముందే చేయాల్సిన చిన్న పని ఒకటుంది. ఐదు రోజులు వరుసగా, రోజుకి 20 నిమిషాలు, ఉద్యోగం పోవడం గురించి మనసులో ఉన్నదంతా రాయండి. కోపం, అవమానం, భయం, ఏదీ దాచకుండా. ఎవరికీ చూపించక్కర్లేదు, తర్వాత చింపేయవచ్చు. 1994లో అమెరికాలో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, ఉద్యోగం పోయిన ఉద్యోగులు ఇలా రాస్తే, రాయనివారికన్నా త్వరగా ఉద్యోగాల్లో చేరారు. వాళ్లు ఎక్కువ అప్లై చేయలేదు, ఎక్కువ ఇంటర్వ్యూలకూ వెళ్లలేదు. లోపలి కోపం ఇంటర్వ్యూలో బయటపడకపోవడమే తేడా అయి ఉంటుందని పరిశోధకుల ఊహ. ఇంటర్వ్యూలో పాత మేనేజర్ పేరెత్తగానే గొంతు మారిపోయేవారికి ఇది తప్పనిసరి.

రెండు వారాలుగా నిద్ర లేకపోయినా, పగలే తాగాలనిపిస్తున్నా, ‘నేను లేకపోతే ఇన్సూరెన్స్ డబ్బైనా వస్తుంది’ లాంటి ఆలోచన ఒక్కసారి వచ్చినా వెంటనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కి ఫోన్ చేయండి. ఉచితం, ఇరవైనాలుగ్గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు. ఎర్రగడ్డ మానసిక ఆరోగ్య సంస్థలో ఓపీ ఉంది.

దారి తేల్చుకోవడం

కెరీర్ కౌన్సెలింగ్‌లో అసలు పని ఇదే, ఇక్కడ తొందర వద్దు. హోదా పేరు పక్కనపెట్టి, గత రెండేళ్లలో చేసిన పనులు ముప్పై రాయండి. ‘టెస్టింగ్ చేశాను’ కాదు. ‘హాస్పిటల్ బిల్లు తిరస్కరణకు గురైతే ఏ నిబంధన వల్లో క్లెయిమ్స్ టీమ్‌తో మాట్లాడి తేల్చాను’, ‘కొత్తగా చేరిన నలుగురికి పని నేర్పాను’, ‘రిలీజ్ రాత్రి క్లయింట్‌తో కాల్‌లో కూర్చుని సమస్యలకు వరుస పెట్టాను’, ఇలా. ఒక్కోదాని పక్కన మూడు గుర్తులు: బాగా చేయగలనా, మళ్లీ చేయాలనిపిస్తుందా, దీనికి బయట డబ్బిస్తున్నారా. మూడోది ఊహించి రాయకండి, ఉద్యోగ ప్రకటనల్లో చూసి రాయండి.

కొండాపూర్‌లో పదకొండేళ్లు మాన్యువల్ టెస్టింగ్ చేసిన మనిషిని తీసుకుందాం. ‘మాన్యువల్ టెస్టర్’ అని వెతికితే ప్రకటనలు తక్కువ, జీతాలు తక్కువ. కానీ ఆ ముప్పై పనుల్లో పద్దెనిమిది ఇన్సూరెన్స్ క్లెయిమ్‌ల చుట్టూ తిరిగేవైతే, ఆ మనిషి దగ్గరున్న అసలు సరుకు టెస్టింగ్ కాదు, క్లెయిమ్‌ల పరిజ్ఞానం. అప్పుడు బిజినెస్ అనలిస్టు, ప్రొడక్ట్ సపోర్ట్, ఇంప్లిమెంటేషన్ కన్సల్టెంట్ అనే పేర్లు కనిపిస్తాయి. ఫార్మా ప్లాంటులో క్యూసీ కెమిస్టుకి ఇదే పద్ధతిలో క్యూఏ డాక్యుమెంటేషన్, రెగ్యులేటరీ అఫైర్స్ తేలుతాయి. షోరూమ్ మేనేజర్‌కి క్విక్ కామర్స్ గోదాముల ఆపరేషన్స్.

ఒక్కటే నియమం: ఒకసారికి ఒక్కటే మార్చండి. అదే పని వేరే రంగంలో చేయవచ్చు, అదే రంగంలో వేరే పని చేయవచ్చు. రెండూ ఒకేసారి మారిస్తే మీ పదేళ్ల అనుభవానికి అవతలివాళ్లు ధర కట్టలేరు, ఫ్రెషర్ పక్కన కూర్చోబెడతారు. బ్యాంకు సేల్స్‌లోంచి డేటా సైన్స్‌కి దూకాలనుకునేవాళ్లు ముందు బ్యాంకులోనే రిపోర్టింగ్, ఎంఐఎస్ (లెక్కల నివేదికల) పనికి మారితే, ఆ తర్వాత దూకాల్సిన దూరం సగం తగ్గుతుంది.

కౌన్సెలర్ దగ్గరికి వెళ్తే మూడు ప్రశ్నలు అడగండి. ఎన్ని సిట్టింగ్‌లు, ఒక్కోదాని చివర నా చేతికి ఏమొస్తుంది, ఏదైనా కోర్సులో చేర్పిస్తే మీకు కమిషన్ ఉందా? మూడోదానికి ‘ఉంది’ అన్నా, నసిగినా లేచి వచ్చేయండి. ఆసక్తుల పరీక్షలు మీకు ఏది నచ్చుతుందో చెబుతాయి. మీరు ఏం చేయగలరో, మార్కెట్లో ఏది నడుస్తుందో చెప్పవు. ఆ రిపోర్టు ఒక్కటే చేతిలో పెట్టి పంపిస్తే అది కౌన్సెలింగ్ కాదు. డబ్బు పెట్టే ముందు కేంద్ర ప్రభుత్వ నేషనల్ కెరీర్ సర్వీస్, రాష్ట్ర ప్రభుత్వ డీట్ పోర్టళ్లలో నమోదు చేసుకోండి, రెండూ ఉచితం.

ఇంకో హెచ్చరిక. సెటిల్‌మెంట్ డబ్బు చేతిలో పడగానే కర్రీ పాయింటో, ఫ్రాంచైజీయో పెడదామని ఎవరో ఒకరు వస్తారు. వ్యాపారం మంచిదే. కానీ అలాంటి చోట మూడు నెలలు జీతానికో, ఊరికేనో పనిచేసి చూడకుండా, ఇల్లు గడిచే డబ్బు అందులో పెట్టకండి.

అమీర్‌పేట ఫీజు కట్టే ముందు

తేల్చుకున్న దారిలో ముప్పై ఉద్యోగ ప్రకటనలు తెరవండి, మీ అనుభవానికి సరిపోయేవే. ఏ నైపుణ్యం ఎన్నిసార్లు వచ్చిందో గీతలు పెట్టండి. ఇరవైసార్లు వచ్చి మీకు రానిది నేర్చుకోవాలి, ఐదుసార్లు వచ్చింది వదిలేయవచ్చు. మైత్రీవనం చుట్టుపక్కల ఇన్‌స్టిట్యూట్లలో డెమో క్లాసులు ఉచితం, అవి రెండు మూడు చోట్ల వినండి. డెమో చెప్పినవాళ్లే కోర్సంతా చెబుతారా, కంతులు కుదురుతాయా అని అడగండి. ‘నూరు శాతం ప్లేస్‌మెంట్’ అన్నచోట అది కాగితం మీద ఎలా రాస్తారో చూడండి. అప్పు చేసి మాత్రం చేరవద్దు.

అక్కడే నెమ్మదిగా ఇంకో మాట కూడా వినిపిస్తుంది: మూడేళ్ల దొంగ ఎక్స్‌పీరియన్స్ పెట్టిస్తాం, ఇంటర్వ్యూలో మీ బదులు మాట్లాడే ప్రాక్సీ ఇస్తాం, డబ్బు కట్టి చేరే బ్యాక్‌డోర్ ఉంది అని. ఈ మోసం ఎలా పట్టుబడుతుందో తెలుసుకోండి. వెరిఫికేషన్‌లో యూఏఎన్ సర్వీస్ హిస్టరీ అడుగుతారు. ఏ కంపెనీలో ఏ నెల నుంచి ఏ నెల దాకా పీఎఫ్ పడిందో అందులో ఉంటుంది. ఫారం 26ఏఎస్‌లో టీడీఎస్ కట్టిన కంపెనీల పేర్లుంటాయి. రెండిటికీ రెజ్యూమెకీ పొంతన లేకపోతే, చేరిన ఎనిమిదో నెలలో కూడా తీసేస్తారు. ఆ తీసివేతకు రిలీవింగ్ లెటర్ రాదు, కేసు కూడా కావచ్చు. నిజమైన పదేళ్ల అనుభవం ఉన్నవాళ్లు దొంగ మూడేళ్ల కోసం దాన్ని పోగొట్టుకోవడం చూస్తే బాధేస్తుంది.

రెజ్యూమె, మనుషులు

రెండు పేజీలు. కెరీర్ ఆబ్జెక్టివ్, తండ్రి పేరు, పెళ్లి వివరం, డిక్లరేషన్, ఇవేవీ వద్దు. పైన ఆరు వరుసల్లో ఏ పని, ఏ రంగం, ఎన్నేళ్లు, చేసినవాటిలో అంకెలతో చెప్పగలిగిన మూడు. ప్రతి దారికీ వేరే రెజ్యూమె. నౌక్రీలో ప్రొఫైల్‌ని రెండు రోజులకోసారైనా తాకండి, ఈ మధ్య తెరిచినవాళ్లనే రిక్రూటర్లు ముందు వడపోస్తారు. నోటీస్ పీరియడ్ దగ్గర ‘వెంటనే చేరగలను’ అని పెట్టండి. మూడు నెలల నోటీసుతో విసిగిన టీమ్‌లకు అది మీలోని పెద్ద ఆకర్షణ.

అయినా సగం సమయం మనుషుల మీదే పెట్టండి. సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానొవెటర్ 1970లలో గమనించింది ఇక్కడా పనికొస్తుంది. తెలిసినవాళ్ల ద్వారా ఉద్యోగం దొరికినవారిలో ఎక్కువమందికి ఆ మాట చెప్పింది రోజూ కలిసే స్నేహితులు కాదు, ఎప్పుడో ఒకసారి కలిసే పరిచయస్తులు. మన పక్కనే ఉన్నవాళ్లకు మనకు తెలిసిందే తెలుస్తుంది. కాబట్టి అరవై పేర్లు రాయండి: పాత కంపెనీల్లో వేరే టీమ్‌లవాళ్లు, వెండర్లు, కాలేజీ సీనియర్లు, అపార్ట్‌మెంట్‌లో లిఫ్టు దగ్గర పలకరించేవాళ్లు. రోజుకి ఐదుగురికి, ఒక్కొక్కరికీ విడిగా:

‘నమస్తే అన్నా, బాగున్నారా? మా ప్రాజెక్టు ఆగిపోయి పోయిన నెల బయటికొచ్చాను. క్లెయిమ్స్ వైపు బిజినెస్ అనలిస్టు రోల్స్ చూస్తున్నా. మీ కంపెనీలో ఆ టీమ్ ఎలా పనిచేస్తుందో ఒక పదిహేను నిమిషాలు మాట్లాడగలరా? ఈ వారం మీకు వీలైన టైమ్ చెప్పండి.’

ఉద్యోగం ఇప్పించమని అడిగితే అవతలివాళ్లు ఇబ్బంది పడి జవాబే ఇవ్వరు. పదిహేను నిమిషాల మాట ఎవరైనా ఇవ్వగలరు. మాట్లాడాక వాళ్లే రెజ్యూమె పంపమంటారు. గ్రూపులో రెజ్యూమె పడేసి ఊరుకుంటే ఆ పని జరగదు.

అన్నీ ఒక షీట్‌లో రాసుకోండి, ఎక్కడ ఆగుతుందో అదే చెబుతుంది. యాభై అప్లై చేసినా కాల్స్ రావట్లేదంటే రెజ్యూమెదో, ఎంచుకున్న దారిదో తప్పు. కాల్స్ వచ్చి మొదటి రౌండ్‌లోనే పోతుంటే సబ్జెక్టు తయారీ చాలదు. ఆఖరి రౌండ్ దాకా వెళ్లి ఆగుతుంటే జీతం అంకెలోనో, ‘ఎందుకు మానేశారు’ అన్నదానికి చెప్పే జవాబులోనో ఉంది. కాల్స్ రాని మనిషి ఇంకో కోర్సు చేయడం, మొదటి రౌండ్ దాటలేని మనిషి ఇంకో రెజ్యూమె రాయించుకోవడం మామూలుగా జరిగే పొరపాట్లు.

ఇంటర్వ్యూలో గ్యాప్, జీతం

‘ఎందుకు మానేశారు’ అంటే మూడు వాక్యాలు: ఏం జరిగింది, ఈ మధ్య ఏం చేస్తున్నారు, ఈ ఉద్యోగం ఎందుకు. ‘మా యూనిట్‌లో ప్రాజెక్టు ముగిసి టీమ్‌ని తగ్గించారు. ఈ మూడు నెలల్లో ఎస్‌క్యూఎల్ మీద పనిచేశాను, చిన్న రిపోర్టులు తయారుచేశాను. మీ దగ్గర క్లెయిమ్స్ పని నా అనుభవానికి దగ్గరగా ఉంది.’ ఇక ఆగిపోవాలి. నాలుగో వాక్యం దగ్గరే ఫిర్యాదు మొదలవుతుంది.

పాత సీటీసీ నిజమే చెప్పండి, స్లిప్పులు అడుగుతారు. కావలసింది చెప్పేటప్పుడు నెల ఖర్చు లెక్కలోంచి ఒక కనీస అంకె మనసులో ఉంచుకోండి. దానికన్నా దిగకూడదు. అనుకున్న దారిలోకి తీసుకెళ్లే పనైతే పదో ఇరవయ్యో శాతం తక్కువైనా తీసుకోవచ్చు. దారి తప్పించే పనికి ఎక్కువిచ్చినా ఆలోచించాలి. చేతిలో నెలలు మూడుకి వచ్చాక మాత్రం ఈ లెక్క మారుతుంది. అప్పుడు థర్డ్ పార్టీ పేరోల్ కాంట్రాక్టు కూడా మంచిదే, పీఎఫ్ ఎవరు కడతారు, సెలవులకు జీతం ఉందా, ఇన్సూరెన్స్ ఎవరిది, పర్మనెంట్ ఎప్పుడు, ఎవరు చేస్తారు అని రాతలో తీసుకుని చేరండి.

ఉద్యోగం కోసం ఎవరైనా డబ్బడిగితే, అది రిజిస్ట్రేషన్ ఫీజైనా, ల్యాప్‌టాప్ డిపాజిట్ అయినా, టెలిగ్రామ్‌లో ‘టాస్కులు’ అయినా మోసమే. డబ్బు పోతే ఆ గంటలోనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఆలస్యమైన కొద్దీ ఆ డబ్బు ఖాతాలు మారిపోతుంది. గల్ఫ్ అయితే ఏజెంటు కేంద్ర ప్రభుత్వ ఈమైగ్రేట్ పోర్టల్‌లో రిజిస్టరై ఉన్నాడో లేదో చూడండి. చట్టప్రకారం ఏజెంటు తీసుకోగల ఫీజు 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ మాత్రమే. రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ కూడా విదేశాలకు పంపుతుంది.

ఆఫర్ వచ్చాక

ఆఫర్ లెటర్ వచ్చిన రోజున వెతుకులాట ఆపకండి. చేరే తేదీ వాయిదా పడడం, ఆఫర్ వెనక్కి పోవడం రెండూ జరుగుతాయి. మొదటి జీతం ఖాతాలో పడేదాకా కాల్స్‌కి జవాబిస్తూనే ఉండండి, ఖర్చూ తగ్గించినట్టే ఉంచండి. చేరాక అదే యూఏఎన్ ఇచ్చి పాత పీఎఫ్‌ని బదిలీ చేసుకోండి, కొత్త నంబరు తెరవనివ్వకండి. ఆ ఆర్థిక సంవత్సరంలో పాత కంపెనీ ఇచ్చిన జీతం, కోసిన పన్ను వివరాలు కొత్త హెచ్చార్‌కి ఇవ్వండి. ఇవ్వకపోతే రెండు చోట్లా పన్ను మినహాయింపు లెక్కవేసి తక్కువ కోస్తారు, రిటర్ను వేసే జూలైలో వేల రూపాయలు ఒకేసారి కట్టాల్సి వస్తుంది. ఆ అరవై పేర్ల జాబితా తీసి, మాట్లాడిన ప్రతి ఒక్కరికీ ఎక్కడ చేరారో రెండు ముక్కలు రాయండి. అదే రోజు బ్యాంకుకి రాసి, తగ్గించిన ఈఎంఐని మళ్లీ ఏ నెల నుంచి పాత మొత్తానికి పెంచగలరో చెప్పండి.